ఖాదర్ మాస్టారి గేదెలు

పోయిన వారం బాపట్లలో ఒక ఇంజనీరమ్మాయి నా కళ్ళకు డబ్బా కట్టింది. దాన్ని హెడ్‌సెట్ అంటారట. వెనక పట్టీ బిగిస్తుంటే నా ముడి అడ్డమొచ్చింది. "మేడమ్, జుట్టు కొంచెం కిందికి..." అని ఆ పిల్ల మొహమాటపడుతుంటే నేనే పిన్నులు తీసి సర్దుకున్నాను. నాకంటే ముందు ఎవరు పెట్టుకున్నారో, వాళ్ళ కొబ్బరినూనె వాసన దాని స్పాంజికి పట్టి ఉంది. లోపలంతా చీకటి. ఆ చీకటి, ఆ నూనె వాసన, ముక్కు మీద ఆ బరువు తగిలేసరికి నేనిక బాపట్లలో లేను. తెనాలిలో ఖాదర్ మాస్టారి వసారాలో, పాత సినిమా హాలు కుర్చీలో, కళ్ళకు తువ్వాలు కట్టించుకుని కూర్చున్నాను. నాకు ఇరవై రెండేళ్ళు.

కాసేపటికి డబ్బాలో తెల్లారింది. ఎదురుగా రోడ్డు కనిపించింది. తల కుడికి తిప్పితే కుడివైపు దుకాణాలు, ఎడమకు తిప్పితే ఎడమవైపు చెట్లు, కిందికి చూస్తే నా చేతుల బదులు ఎవరివో బూడిదరంగు చేతులు. పట్టుకున్నది నిజం స్టీరింగే, కాళ్ళ కింద ఉన్నవీ నిజం పెడల్సే, రోడ్డు మాత్రం అబద్ధం. వర్చువల్ రియాలిటీ అంటే ఇదేనని, బండి ఎక్కకముందే బండి నేర్పడానికి, కత్తి పట్టకముందే ఆపరేషను నేర్పడానికి ఇప్పుడు దీన్ని వాడుతున్నారని ఆ అమ్మాయి చెప్పింది. "ఇందులో ఎవర్ని గుద్దినా ఏం కాదు మేడమ్. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టుకోవచ్చు" అంది. ఆడవాళ్ళకు ఆటోలు, వ్యాన్లు నేర్పే ఆ కేంద్రంలో అందరికంటే పాత టీచర్ని నేనే. నాకు నచ్చితేనే వీటిని తెప్పిస్తారట. అందుకని మర్యాదగా నడిపాను. ఏ దేశపు రోడ్డో, కుక్క కూడా అడ్డం రాలేదు. ఒకచోట చిన్న వంతెన వచ్చింది. అది దిగుతుండగా నా కాలు నన్నడక్కుండా బ్రేకు మీదికి పోయింది.

"ఏమైంది మేడమ్? రోడ్డు ఖాళీగానే ఉందిగా!"

"గేదెలొస్తాయి తల్లీ" అన్నాను.

ఆ పిల్ల తన తెర వంక చూసుకుని, "ఇందులో గేదెల్లేవు మేడమ్" అంది. నాకు నవ్వాగలేదు. ముప్ఫై ఏళ్ళ కిందట లైసెన్సు పరీక్ష పెట్టిన బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు కూడా నాతో సరిగ్గా ఇదే మాట అన్నారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆ గేదెలు ఎవరివో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది రేపల్లె. మా నాన్న దానియేలు అక్కడి మిషన్ ఆసుపత్రిలో జీపు డ్రైవరు. ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ వారానికి నాలుగు రోజులు తీరం వైపు పల్లెలు తిరిగేది. ఆవిడ వెళ్ళని పూరిగుడిసె లేదు, మా నాన్న జీపు దింపని బురద లేదు. ఉద్యోగంతోపాటు ఆసుపత్రి ఆవరణలో రెండు గదుల ఇల్లు కూడా ఇచ్చారు. నేను పుట్టింది ఆ ఇంట్లోనే, మా అమ్మ పోయిందీ ఆ ఇంట్లోనే. తొంభైల మొదట్లో ఒక వానాకాలం, దిగబడ్డ జీపును నెట్టబోయి నాన్న నడుము పట్టేసింది. ఆరు నెలలైనా వదల్లేదు. అరగంట స్టీరింగు ముందు కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చేది. కొత్త డ్రైవరొస్తే ఇల్లు ఆయనకివ్వాలి. అది న్యాయమే. కాకపోతే ఆ న్యాయం జరిగాక మేమెక్కడికి పోవాలో మాకు తెలియదు.

అప్పుడు డాక్టరమ్మే ఒక మాటంది. "నీ కూతురు నేర్చుకోకూడదా దానియేలూ? కాన్పులకు పోయేటప్పుడు పక్కన ఆడపిల్ల ఉంటే నాకూ మేలే. రెండు నెలలు అద్దె డ్రైవరుతో నెట్టుకొస్తాను. ఈలోపు సువార్త లైసెన్సు తెచ్చుకుంటే జీపు దానిది, ఇల్లు మీది. రెండు నెలలు దాటితే మాత్రం నేనేం చెయ్యలేను."

సువార్త నేనే. ఆ ఆదివారమే చర్చి అయ్యాక నాన్న నన్ను జీపెక్కించి ఆసుపత్రి ఆవరణలో పాఠం మొదలుపెట్టాడు. ఆవరణ వెనక ఆసుపత్రి దుప్పట్లు ఆరేసే తాళ్ళున్నాయి. మొదటి గేరులో అటు పోతుండగా గాలి కొట్టి తడి దుప్పటి ఒకటి వచ్చి అద్దానికి అతుక్కుంది. లోకమంతా తెల్లగా మూసుకుపోయింది. "బ్రేకే! బ్రేకే!" అని నాన్న అరుస్తున్నాడు. నేను తొక్కానండీ, కాకపోతే పక్కది తొక్కాను. పద్ధెనిమిది దుప్పట్లు, నాలుగు దిండుగలీబులు, ఒక డాక్టరుగారి తెల్లకోటుతో పెళ్ళి ఊరేగింపులా పోయి జీపు నీళ్ళ తొట్టికి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వార్డులో మంచమ్మీద ఉన్న రోగులు సైతం లేచొచ్చి చూసి వెళ్ళారు. మర్నాటి నుంచి జీపులో కాలు పెడితే చాలు, మోకాళ్ళు వణికేవి. నాన్న అరిచేవాడు, అరిచినకొద్దీ ఇంకా వణికేవి. అలా పదిహేను రోజులు గడిచిపోయాయి. చివరికి అద్దె డ్రైవరే జాలిపడి, "తెనాల్లో ఖాదర్ మాస్టారని ఉన్నారమ్మా. భయం వదిలిస్తారు" అని చెప్పాడు.

రేపల్లె ప్యాసింజరులో తెనాలి దిగి దారి అడిగితే, చెప్పినాయన నన్ను ఎగాదిగా చూశాడు. "కళ్ళు కనపడని మాస్టారేనా? తిన్నగా పోయి ఎడం పక్కకి తిరగండి" అన్నాడు. అక్కడే వెనక్కి తిరగాల్సింది. గుడ్డిలో మెల్ల అన్నట్టు, ఇంతకన్నా గతి లేదు కాబట్టి వెళ్ళాను. తర్వాత తెలిసింది, ఆయన ఇరవై రెండేళ్ళు తెనాలి రేపల్లె మధ్య ప్రైవేటు బస్సు నడిపారు. ఆపరేషనుతో బాగయ్యే జబ్బు కాదట, చూపు కొద్దికొద్దిగా ఇంకిపోయింది. వెలుతురు, చీకటి, మనిషి ఆకారం మాత్రం తెలుస్తాయి. నేను వెళ్ళేసరికి తెల్ల లుంగీ, ఇస్త్రీ చేసిన పొట్టిచేతుల చొక్కా, సన్నగా కత్తిరించిన గడ్డంతో వసారాలో పీట మీద కూర్చుని, చిన్న గంటకు తీగ చుడుతున్నారు.

"ఎవరూ? కొత్త అడుగులా ఉందే."

"రేపల్లె నుంచి వచ్చానండి. సువార్త అంటారు. డ్రైవింగు..."

"ఏం గుద్దావు?"

"అండీ?"

"నా దగ్గరికి ఊరికే ఎవరూ రారు తల్లీ. ఏదో గుద్దాకే వస్తారు. ఏం గుద్దావు?"

"నీళ్ళ తొట్టండి."

ఆయన లోపలికి తిరిగి, "జైనబీ, విన్నావా? నీళ్ళ తొట్టంట! మొన్నొచ్చినాయన సొంత మావగారి అరుగు పడగొట్టాడు. ఈ పిల్ల నయం" అన్నారు.

"ముందు పిల్లకి మంచినీళ్ళియ్యనియ్యండి. గుద్దుళ్ళు తర్వాత" అని లోపల్నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. జైనబీ గారిని నేను ఆ రోజు నుంచే పిన్నిగారూ అన్నాను.

వసారా మధ్యలో ఆయన బండి ఉంది. మూతపడ్డ సినిమా హాల్లోంచి తెచ్చిన కుర్చీ. కుట్టుమిషను కాళ్ళ మీద నిలబెట్టిన లారీ స్టీరింగు. గేరు రాడ్డు బదులు ఒక పాత గొడుగు కర్ర. కింద సైకిలు సీటు స్ప్రింగుల మీద మూడు చెక్కలు. నేను ఏది తొక్కానో ఆయనకు కనపడదు కదా, అందుకని క్లచ్చికి గజ్జెలు, బ్రేకుకు మేక మెడగంట కట్టారు. యాక్సిలేటరుకేమీ కట్టనక్కర్లేకపోయింది, అది పాత తలుపులా దానంతటదే కిర్రుమనేది. నన్ను కూర్చోబెట్టి, ఉతికిన తువ్వాలొకటి తెచ్చి నా కళ్ళకు కట్టబోయారు. బట్టల సబ్బు, కొంచెం అత్తరు, ఆయన తలనూనె కలిసిన వాసన.

"గంతలు కడితే ఎట్టా నేర్చుకుంటానండీ?"

"కళ్ళు తెరుచుకుంటే నీకేం కనపడుద్ది? మా గోడ, గోడ మీద కేలండరు. దాన్ని చూస్తా రోడ్డెక్కుతావా? మూసుకో, నేను చూపిస్తా." ముడి వేస్తూ ఇంకో మాట అన్నారు. "దుప్పటి కమ్మితే కదా నీకు భయమేసింది? ఆ దుప్పటి కిందే కూర్చుని నేర్చుకో. అలవాటైందాన్ని చూసి ఎవరన్నా భయపడతారా?"

తర్వాత ఆయన రోడ్డు వేశారు. వేశారనే అనాలి. "తెనాలి బస్టాండులోంచి బయటికొస్తున్నాం. కుడిపక్క పళ్ళబండి, ఆవిడ తక్కెడ రోడ్డు మీదికి పెట్టింది, కొంచెం ఎడంగా రా. ముందు రిక్షా. తొందరపడకు, రిక్షాలో ముసలమ్మ ఉంది. ఆఁ, ఇప్పుడు రెండో గేరు." ఆయన చెబుతుంటే తువ్వాలు వెనక చీకట్లో నిజంగానే ముసలమ్మ తెల్లజుట్టు కనపడేది. పిన్నిగారు వంటింట్లోంచే సగం లోకాన్ని నడిపేది. పళ్ళెం మీద గరిటె కొడితే సోడాబండి. రెండు మూతలు టపటపలాడిస్తే రైలుగేటు దగ్గర రైలు. నేను మరీ దగ్గరగా పోనిస్తే, "ఏయ్! కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అని సైకిలాయన గొంతుతో తిట్టేది. ఆ తిట్లలో కొన్ని ఇక్కడ రాయలేను. ఒకసారి వాన పాఠమని నిజంగానే చెంబుడు నీళ్ళు నెత్తిన పోసింది.

మొదటి వారం నేను చంపనివాళ్ళు లేరు. పాఠం అయ్యాక మాస్టారు లెక్క చెప్పించేవారు. "ఇవాళ ఎంతమంది?" "పేపరాయన ఒకడండి, రెండు కోళ్ళు." "నయమే, నిన్న పెళ్ళివారి బస్సు మొత్తం పోయింది." పిన్నిగారు లోపల్నుంచి, "ఆ పెళ్ళికూతురు నాకు బాగా తెలుసు" అని నిట్టూర్చేది. గుద్దినప్పుడల్లా ఆయన అనేది ఒకటే మాట, "సరే, మళ్ళీ బస్టాండు నించి." అంతే. అరుపు లేదు, విసుగు లేదు. మా నాన్నంటే నాకు ప్రాణమే. కానీ తప్పు చేసినా తిట్టని మనిషిని నేను చూడటం అదే మొదలు. ఆ వసారాలో తప్పులు చెయ్యడం నాకు ఇష్టంగా ఉండేదంటే నమ్మండి.

ఎన్ని మార్చినా ఆయన రోడ్డు మీద ఒకటి మారేది కాదు. ఊరు దాటాక కాలవ వంతెన దగ్గర ఆయన గొంతు మెత్తబడేది. "వంతెన దిగుతున్నాం. కుడిపక్క చింతచెట్టు. దాని కింద నించి గేదెలొస్తాయి, ఏడు. ముందుండేదానికి ఒక కొమ్ము విరిగింది. దానికి తొందర లేదు, నీకూ ఉండకూడదు. బండి ఆపు. హారన్ కొట్టి నిలబడు. అన్నీ దాటినాక కదులు." రోజూ నేను ఆపేదాన్ని. మేకగంట మోగేది. పిన్నిగారు వంటింట్లోంచి, "పోయినయ్యా?" అని అడిగేది. "ఏడోది పోతా ఉంది" అనేవారు మాస్టారు.

మూడో వారంలో ఒక రోజు నేను మంచి ఊపు మీద ఉన్నాను. నాలుగో గేరు. అంతలో ఏ హెచ్చరికా లేకుండా పిన్నిగారు వెనక నించి వచ్చి బక్కెట్లోంచి తీసిన తడి దుప్పటిని నా నెత్తి మీద కప్పేసింది. చల్లగా, బరువుగా, ముక్కుకీ నోటికీ అతుక్కుంది. "అద్దం మూసుకుపోయింది!" అని మాస్టారు అరిచారు. నా కాలు కదిలింది. మేకగంట మోగింది. యాక్సిలేటరు కిర్రుమనలేదు. దుప్పటి కింద నించి, "ఆపానండీ, ఎడం పక్కకి తీసే ఆపాను" అని నేనంటే ఆయన చప్పట్లు కొట్టారు. ఆ ఆదివారం రేపల్లెలో జీపెక్కితే మోకాళ్ళు వణకలేదు. నాన్న నడుముకు బెల్టు కట్టుకుని పక్కన కూర్చుని, అరవడానికి ఏమీ దొరక్క ఇబ్బంది పడ్డాడు.

పరీక్ష తెనాల్లోనే. డాక్టరమ్మ బాపట్ల పని చూసుకుని, అద్దె డ్రైవరుతో జీపును అటునుంచి అటే తెనాలి పంపింది. నేను ఎప్పట్లా రైల్లోనే వచ్చాను, ఈసారి నాన్న కూడా తోడొచ్చాడు. రైల్లో తిరగడం వల్ల నెల రోజులుగా తెనాలి వస్తున్నా, మాస్టారు చెప్పే రోడ్డు మీద నేనొక్కసారి కూడా ప్రయాణం చెయ్యలేదు. ఆ సంగతి అప్పటికి నాకు తట్టలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు పక్కన కూర్చుని, "రేపల్లె రోడ్డు పట్టుకోమ్మా" అనేసరికి నాకు పండగే. రోజూ పోయే దారి! గేర్లు వెన్నలా పడ్డాయి. ఆయన ముఖం కూడా ప్రసన్నంగా ఉంది. వంతెన ఎక్కాను. దిగుతూ, పద్ధతి ప్రకారం బండి ఆపి, హారన్ కొట్టి నిలబడ్డాను.

వెనక లారీ కీచుమని ఆగింది. దాని వెనక ఇంకోటి.

"ఏంటమ్మా? ఎందుకాపావ్?"

"గేదెలొస్తాయండి."

ఆయన అద్దంలోంచి కుడికి, ఎడమకు చూశారు. "ఏ గేదెలు? ఇక్కడ గేదెల్లేవు."

నేనూ కుడివైపు చూశాను. చింతచెట్టు కూడా లేదు. కంగారులో క్లచ్చి వదిలి, గభాలున ముందుకు ఉరికించాను. ఎడమపక్క కొత్తగా వేసిన సందులోంచి ఒకాయన కూరగాయల సైకిలు తోసుకుంటూ వస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు గారే స్టీరింగు పట్టుకుని తిప్పారు. మనిషికి ఏమీ కాలేదు గాని, దొండకాయలు రోడ్డంతా దొర్లాయి. అందరం దిగి ఏరాం. ఆయన కూడా ఏరారు. చివరి గుప్పెడు గంపలో వేసి చేతులు దులుపుకుంటూ, "లేని గేదెల్ని చూశావు, ఉన్న మనిషిని చూళ్ళేదు. వారమాగి మళ్ళీ రామ్మా" అన్నారు.

డాక్టరమ్మ ఇచ్చిన గడువుకు ఇంక తొమ్మిది రోజులే. నాన్న ఈసారి అరవలేదు, నడుము బెల్టు సర్దుకుంటూ స్టేషను వైపు నడిచాడు. అరిచినా బాగుండేదనిపించింది. నేరుగా మాస్టారింటికి పోయి, కోపం పట్టలేక గుమ్మంలోనే కడిగేశాను. "అక్కడ చెట్టు లేదండీ. గేదెల్లేవు. కొత్త సందు పడింది, దాని సంగతే మీరు చెప్పలేదు. మా ఇల్లు పోతదండీ!"

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "చింతచెట్టు కొట్టేశారా?" అన్నారు. తర్వాత, "నేను బస్సు దిగి పదకొండేళ్ళయింది. నా రోడ్డు అక్కడే ఆగిపోయింది. పాత రోడ్డు మీద పిల్లల్ని ఎక్కిస్తున్నా" అని, గొడుగు కర్ర ఊడదీయడం మొదలుపెట్టారు. కుర్చీ విప్పేస్తారని నాకర్థమైంది. పిన్నిగారు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడ దగ్గర ఏ చప్పుడూ లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నా కోపం ఎటు పోయిందో పోయింది.

"ఊడదియ్యకండి మాస్టారూ" అన్నాను. "రేపు బస్సులో పోదాం. రోడ్డు నేను చెప్తాను."

మర్నాడు డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాం. నేను కిటికీ వైపు కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. "పచ్చగా పొలాలండీ, కొంగలు..." "పొలాలు నాకెందుకే? నేనేమన్నా దున్నబోతున్నానా? రోడ్డు చెప్పు." సరే, రోడ్డు చెప్పాను. ఎన్ని అడుగుల దూరంలో ఏముంది, ఎవరు నడుస్తున్నారు, ఏ వైపు చూస్తున్నారు, కదిలేలా ఉన్నారా, నిలబడేలా ఉన్నారా. చెప్పబోతే తెలిసింది, అంతకుముందు నేను దేన్నీ సరిగ్గా చూళ్ళేదని. వంతెన దగ్గర ఆయన బస్సు ఆపించి దిగారు. రోడ్డు పక్కన నరికేసిన మొద్దు ఉంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన వంగి, దాని అంచు చుట్టూ నెమ్మదిగా తడిమారు.

"పెద్ద చెట్టే" అన్నారు. నవ్వారు. "ఆ కొమ్ము విరిగింది కూడా ఎప్పుడో పోయే ఉంటది. పదకొండేళ్ళ నుంచీ వాటిని నేనే మేపుతున్నా." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనపడదులే అని ఏడ్చేశాను. "ఏడిస్తే ఏడువు గాని, ఆ సందు ఎంత వెడల్పుందో చెప్పు" అన్నారాయన.

మళ్ళీ బస్సెక్కి వేమూరు దాకా, భట్టిప్రోలు దాకా, రేపల్లె దాకా చెబుతూ పోయాను. తిరిగి వచ్చాక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నేను పీట మీద కూర్చున్నాను. ఆయన తువ్వాలు తీసి తనే కళ్ళకు కట్టుకున్నారు. "మీకెందుకండీ అది?" అంటే, "రూలు రూలే" అన్నారు. నేను బస్టాండులోంచి బయల్దేరదీశాను. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి జంపని దాటకముందే కొత్త స్పీడుబ్రేకరు మీద ఎగిరి, టీ బంకులోకి దూసుకుపోయారు. పిన్నిగారు వంటింట్లోంచి పళ్ళాలన్నీ ఒకేసారి కింద పడేసింది. "ఎంతమంది?" అని మాస్టారే అడిగారు. "బంకాయన, ఆరుగురు టీ తాగేవాళ్ళండి" అన్నాను. "సరే, మళ్ళీ బస్టాండు నించి" అన్నారు. మేం ముగ్గురం కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆ వారమంతా అదే పాఠం. పొద్దున ఆయన నడిపితే నేను చెప్పేదాన్ని, మధ్యాహ్నం నేను నడిపితే ఆయన కొత్త రోడ్డు చెప్పేవారు.

రెండోసారి పరీక్షకు కూడా ఆ ఇన్‌స్పెక్టరు గారే వచ్చారు. వంతెన ఎక్కగానే ఆయన చెయ్యి స్టీరింగు వైపు జరగడం చూశాను. నేను గొణుక్కుంటూనే ఉన్నాను. "వంతెన దిగుతున్నా. చెట్టు లేదు, మొద్దు ఉంది. దాని పక్కన స్కూటరు, స్టాండు తీస్తున్నాడు, రోడ్డెక్కుతాడు. ఎడం పక్క సందు. సందులో పిల్ల, చేతిలో పాలచెంబు, ఇటు చూడటంలా. మెల్లగా పోతున్నా."

"ఎవరితోనమ్మా మాట్లాడతన్నావ్?"

"మా మాస్టారితోనండి. ఆయనకి కనపడదు, చెప్పాలి."

ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు. తిరిగి వచ్చాక కాగితం మీద సంతకం పెడుతూ, "ఆ చెప్పడం మాత్రం మానమాక" అన్నారు. గడువుకు ఒక రోజు మిగిలి ఉండగా మా ఇల్లు మాకు దక్కింది. మా నాన్న ఆ ఇంట్లోనే ఇంకో పద్ధెనిమిదేళ్ళు బతికి, నా డ్రైవింగుకు వంకలు పెట్టి, సుఖంగా పోయాడు.

జీపు తాళాలు చేతికొచ్చాక మొదటి సెలవు రోజున డాక్టరమ్మను అడిగి, మాస్టారిని, పిన్నిగారిని ఎక్కించుకుని రేపల్లె తీసుకొచ్చాను. దారంతా నేను రోడ్డు చెబితే, పిన్నిగారు అలవాటుకొద్దీ సైకిళ్ళవాళ్ళందర్నీ తిట్టింది. అప్పట్నుంచి మందుల కోసం తెనాలి పోయినప్పుడల్లా వాళ్ళింటి ముందు జీపాపి, రోడ్డు వార్తలు చెప్పొచ్చేదాన్ని. ఎక్కడ గుంట పడింది, ఎక్కడ పూడ్చారు, ఎక్కడ కొత్త బడి పెట్టారు. ఆయన అది వినే, మర్నాటి నుంచి పిల్లలకు కొత్త రోడ్డు వేసేవారు. గేదెల్ని మాత్రం తియ్యలేదు. "ఎప్పుడన్నా వస్తాయేమో" అనేవారు. "కాకపోతే ఇప్పుడు పిల్లలకి చెప్తన్నాలే, వస్తే ఆగండి, రాకపోతే పోండి అని." ఆయన పోయే నాటికి ఆ కుర్చీలోంచి లేచి రోడ్డెక్కినవాళ్ళు ఎంతమందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. పిన్నిగారు ఆ తువ్వాలును ఉతికి, మడతపెట్టి నాకిచ్చింది. అది ఇప్పటికీ నా బండి డాష్‌బోర్డులో ఉంటుంది. అద్దం తుడవడానికి కూడా వాడను.

ఇదంతా ఆ ఇంజనీరమ్మాయికి చెప్పేసరికి తెచ్చిన టీ చల్లారిపోయింది. "మీ డబ్బా మంచిదే తల్లీ, తెప్పించుకుంటాం" అన్నాను. "ఎంత గుద్దినా తిట్టదు, అది చాలా పెద్ద గుణం. కాకపోతే అందులో మా రోడ్డు పెట్టండి. పెట్టి ఊరుకోకూడదు, ఏటా వచ్చి చూసి మార్చాలి. పిల్లల్ని ఒకళ్ళకొకళ్ళు రోడ్డు చెప్పుకోనివ్వాలి. ఒకళ్ళు డబ్బా పెట్టుకుంటే ఇంకొకళ్ళు పక్కన పీట మీద కూర్చోవాలి." ఆ పిల్ల అన్నీ రాసుకుంది. చివర్లో తలెత్తి, "గేదెలు ఎన్ని పెట్టమంటారు మేడమ్?" అని అడిగింది. ఏడు అని చెప్పాను. కొమ్ము సంగతి కూడా చెప్పాను.

సాయంత్రం ఇంటికి బయల్దేరాను. బాపట్ల దాటాక ఒక కాలవ వంతెన వస్తుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. ముప్ఫై ఏళ్ళ నుంచీ అది నాకు ఖాళీగా అనిపించింది లేదు.

"వంతెన దిగుతున్నానండీ. చెట్టు లేదు. గేదెల్లేవు. ఎడం పక్కన సైకిలు తోసుకుంటూ ఒకాయన వస్తున్నాడు. చూశాను మాస్టారూ, చూశాను."